మిద్దెమీది చీకటి గది

మణవాళనగర్,
10 ఫిబ్రవరి 1985

వదిన గారికి,

వనజాక్షి నమస్కారాలు. ఇద్దరం తింటున్నాం, పడుకుంటున్నాం, అంతవరకే రాయగలను. బాగున్నామని రాయడానికి చేయి రావడం లేదు.

మీకు తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. మీ తమ్ముడు ఇంట్లో తెలుగు మాట్లాడతారే గాని, చదివిందంతా అరవ బడి కదా, మన అక్షరాలు ఆయనకు రావు. పక్కింటి కాంచనకూ రావు. నన్ను మా అమ్మ పట్టుపట్టి నగరి బడికి పంపినందుకు ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం కనబడింది. మీరు కూడా దయచేసి తెలుగులోనే జవాబు రాయండి.

సంక్రాంతికి ముందు నుంచే ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తున్నారు. అడిగితే రైలు బండి లేటు అంటారు. కాంచన భర్త మునిరత్నం కూడా అంబత్తూరులోనే పని చేస్తాడు, ఇద్దరూ ఒకే బండిలో వచ్చేవారు. మొన్న గుమ్మం దగ్గర నిలబడి, "ఏంమా, దేవరాజులన్నను బండిలో చూసి శానా దినాలయింది, బదిలీ ఏమన్నా అయిందా?" అని అడిగాడు. ఆఫీసులో పని ఎక్కువ అని చెప్పి తలుపు వేసుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆయన నా ముఖం చూడరు. కొళాయి దగ్గర నిలబడి చేతులు కడుగుతూనే ఉంటారు. వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడతారు. ఒకరోజు కిటికీలోంచి చూశాను. మెట్ల దగ్గరే ఆగిపోయి, ఎవరింటికో అప్పు అడగడానికి వచ్చినవాడిలా లోపలికి రావాలా వద్దా అని నిలబడి ఉన్నారు. తన ఇంటికి తాను రావడానికి అంత భయం ఎందుకు?

దీపావళి ముందు బిడ్డ పోయినప్పటి నుంచి మా మధ్య మాటలు తగ్గిన సంగతి మీకు తెలుసు. నన్నే తప్పించుకుంటున్నారేమో. మీరు ఆయనను ఎత్తుకొని పెంచినవారు, మీ దగ్గర దాచలేను. ఆయనకు ఇంకొకరు ఎవరైనా ఉన్నారా? పెళ్ళికి ముందు ఎవరైనా ఉన్నారా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మీ
వనజాక్షి

*

తిరుత్తణి,
17 ఫిబ్రవరి 1985

వనజా,

నీ ఉత్తరం చదివి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వు వచ్చింది. మా దేవరాజులుకు, మా దేవుడికి, ఇంకొక ఆడదా? పెళ్ళిచూపుల్లో నీ ముఖం కూడా సరిగా చూడకుండా తిరిగి వచ్చి, "అక్కా, ఆ అమ్మాయి పొడుగా పొట్టా?" అని నన్ను అడిగినవాడు. మా ఆయన దండపాణి ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతారు.

వాడు చిన్నప్పటి నుంచీ అంతే. ముడుచుకొని ఒక మూల కూర్చుంటాడు. నొప్పి అంటే నొప్పి అని చెప్పడు. అచ్చం మా నాయన పోలిక. ఆ మాట వదిలెయ్, ఎందుకో రాశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచాను.

బిడ్డ పోయిన ఇంట్లో కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. మిరియాల రసం పెట్టు, తలకు నూనె పెట్టు. ఒక కృత్తిక నక్షత్రం నాడు ఇద్దరూ కొండ మీది గుడికి రండి, స్వామికి అభిషేకం చేయిద్దాం. నువ్వు బడిపిల్లలా గూఢచారి పనులు పెట్టుకోకు. మొగుడి వెనకాల నడిచే ఆడదానికి మనశ్శాంతి ఉండదు.

మా నాయన గురించి వాడితో ఏమీ ఎత్తవద్దు. వాడికి గుర్తు చేయడం నాకు ఇష్టం లేదు.

ఇంద్రాణి

*

మణవాళనగర్,
12 ఏప్రిల్ 1985

వదిన గారికి,

మీరు వద్దన్న పనే చేశాను. కాంచనను తోడు తీసుకొని తిరువళ్ళూరు స్టేషన్ బయట నిలబడ్డాను. మధ్యాహ్నం బండిలోనే ఆయన దిగారు. ఇంకా ఆఫీసు వదిలే వేళ కూడా కాలేదు. దిగి మణవాళనగర్ వైపు రాలేదు, బజారు వైపు తిరిగారు. మేము వెనకే నడిచాం.

బజారు దాటాక ఒక సందులో టీవీ, వీడియో డెక్ అద్దెకిచ్చే అంగడి ఉంది. దాని పక్క నుంచి మిద్దె మీదికి మెట్లు. పైన కిటికీలకు గోనెపట్టలు కొట్టి ఉన్నాయి. మగవాళ్ళు ఒక్కొక్కరే పైకి పోతున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఆయన కూడా తల వంచుకొని ఎక్కిపోయారు. నాకు అర్థం కాలేదు. కాంచనే నా చేయి పట్టి లాగింది. "పోదాం రా వనజా. ఇది మనం నిలబడే చోటు కాదు. ఆడ అసింగమైన పడాలు, బూతు సినిమాలు వేస్తారు," అంది.

మీ దగ్గర నిజం చెప్తున్నాను, ఆడమనిషి కాదని తెలిసి మొదట గుండె తేలికపడింది. కాంచనను పంపేసి ఎదురుగా పూలంగడి దగ్గర నిలబడ్డాను. కాసేపటికి ఆయన దిగి వచ్చారు. ఆ ముఖం చూశాక తేలికపడిన గుండె మళ్ళీ బండ అయింది. సినిమా చూసి వచ్చినవాడి ముఖం కాదు వదినా. శ్మశానం నుంచి వచ్చిన ముఖం. నన్ను చూశారు. పారిపోలేదు, పలకరించలేదు. ముందు ఆయన, వెనక నేను ఇంటిదాకా నడిచాం.

ఇంటికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.

"ముందర అట్లాంటి పుస్తకాలే. మద్రాసులో రూము తీసుకోని ఒంటిగా ఉన్నప్పుడు అలవాటయింది. నువ్వొచ్చినాక నిలిపేసినా. బిడ్డ పోయినాక మళ్ళా మొదలయింది. ఇప్పుడు దినమూ."

"నేనంటే ఇష్టం లేకనా?"

"నీకూ దానికీ సంబంధం లేదు వనజా. ఇష్టపడి పోతాననుకుంటుండావా? పొద్దున బండెక్కేటప్పుడు ఈ దినం పోకూడదని మొక్కుకొనే ఎక్కుతా. ఆఫీసులో ఎవరన్నా గట్టిగా ఒక మాట అంటే చాలు, కడుపులో చేయి పెట్టి పిసికినట్టుంటాది. ఆ చీకట్లో కూర్చుంటే కాసేపు ఏమీ తెలీదు. బయటికొచ్చినాక ముందరికంటే ఎక్కువ పిసుకుతాది. దానికే మళ్ళా పోతా."

"పోలీసులు వచ్చి పట్టుకుంటే?"

"అప్పుడు బండి కింద తల పెట్టేస్తా. ఈ మొహం ఎవరికీ చూపించను."

అరిచి చెప్పి ఉంటే బెదిరిస్తున్నారని అనుకునేదాన్ని. మంచినీళ్ళు అడిగినంత మెల్లగా చెప్పారు. ఎప్పుడో నిశ్చయించి పెట్టుకున్నట్టు చెప్పారు. అప్పటి నుంచి రైలు కూత వినిపిస్తే నా చేతిలో ఉన్నది జారిపోతోంది.

ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, మీకు తెలిసినట్టు ఆయనకు తెలియనివ్వకండి. ఏం చేయాలో నాకు మాత్రం చెప్పండి.

వనజాక్షి

*

తిరుత్తణి,
16 ఏప్రిల్ 1985

వనజా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. నా చేతులకు ఇంకా ఆ మసి వాసన వస్తోంది.

ఇలాంటివి మూసిపెట్టే కొద్దీ ముదురుతాయి. వాడికి నేనే అరవంలో ఉత్తరం రాసి ఆఫీసు విలాసానికి వేసేశాను. ఇంటికి రాస్తే నీకు ముఖం చెల్లదని అక్కడికి వేశాను. నువ్వు వద్దన్నావని తెలుసు. నువ్వు చిన్నదానివి, నీకు భయం. నాకు వాడి మీద హక్కు ఉంది.

మెత్తగా రాయలేదు. కుక్క కూడా సిగ్గుపడే పని చేస్తున్నావని రాశాను. మన సొంతూరు పాండూరులో మన పేరు చెబితే నలుగురు లేచి నిలబడేవారని, ఆ వంశం పేరు నీతో మట్టిలో కలిసిపోతుందని రాశాను. ఆడి నెల కృత్తికకు కావడి ఎత్తి, గుండు కొట్టించుకొని, స్వామి ముందు ఒట్టు వేస్తేనే నా గడప తొక్కమన్నాను. లేదంటే నాకు తమ్ముడు లేడు.

గట్టిగా ఒక దెబ్బ పడితే మగవాడు దారికి వస్తాడు. నువ్వు ధైర్యంగా ఉండు.

ఇంద్రాణి

*

మణవాళనగర్,
20 ఏప్రిల్ 1985, శనివారం పొద్దున

వదిన గారికి,

మునిరత్నం చేతికి ఇచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను. టపాలో వేసి ఎదురుచూసే ఓపిక లేదు.

ఆయన నిన్న ఆఫీసుకు వెళ్ళినవారు ఇంటికి రాలేదు. మునిరత్నం అంబత్తూరులో విచారించాడు. పదకొండింటికి టపా వచ్చిందట, ఒక కవరు చదివారట, చొక్కా జేబులో పెట్టుకొని ఎవరికీ చెప్పకుండా బయటికి పోయారట. అది మీ ఉత్తరమే. చేతి గడియారం బల్ల మీదే వదిలేసి పోయారు.

ఈరోజు తెల్లవారి పాలు పోసే ఆమె, రైలు గేటు దగ్గర ఎవరో బండి కింద పడ్డారని చెప్పింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గుంపు ఉంది. కంకర మీద గోనెపట్ట కప్పి ఉంది. పోలీసు, "నీకేం గావాలమ్మా, పక్కకు పో," అన్నాడు. "మా ఆయన రాత్రి రాలేదు," అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా పట్ట కొస ఎత్తి కాళ్ళు మాత్రం చూపించాడు. ముసలి కాళ్ళు. రైతు కాళ్ళు. ఆయనవి కావు. వదినా, ఎవరి ఇంటి మనిషో అక్కడ చచ్చి పడి ఉంటే నేను దేవుడికి దండం పెట్టాను.

మా అమ్మావాళ్ళ దగ్గరికి పోయి ఉండరు. మీ దగ్గరికి రాలేరు, మీరే గడప తొక్కవద్దన్నారు. ఇంకెక్కడికి పోతారో మీకు తడుతుందా? మామగారి మాట ఎత్తితే ఆయనా మాట మారుస్తారు, మీరూ మారుస్తారు. మీరు నాకు చెప్పనిది ఏదో ఉంది. దాన్ని ఇప్పుడైనా చెప్పండి. నేను కోపంతో రాయడం లేదు. కోపానికి కూడా మనిషి మిగలాలి కదా.

వనజాక్షి

*

తిరుత్తణి,
21 ఏప్రిల్ 1985

అమ్మా వనజా,

మా తమ్ముడు ప్రాణాలతో ఉన్నాడు. నా ఇంట్లోనే ఉన్నాడు. ఈ ఉత్తరం తెచ్చిన మునిరత్నం ఈ ముక్క నీకు ముందే నోటితో చెప్పి ఉంటాడు, అయినా ముందు ఇదే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదవగానే నాకు తట్టింది ఒక్కటే చోటు. మా ఆయనను తీసుకొని పాండూరు బస్సు ఎక్కాను. బస్సు నడుస్తుంటే నాకు కళ్ళు కనబడలేదు. మన చేను ఇప్పుడు వేరేవాళ్ళు చేస్తున్నారు, ఎండల్లో అక్కడ ఎవరూ ఉండరు. బావి దగ్గర మోటారు గదిలో కూర్చొని ఉన్నాడు. చెప్పులు బయట గట్టు మీద ఉన్నాయి. మా ఆయన దూరంగా నిలబడ్డారు, నేనే లోపలికి పోయాను.

తల ఎత్తకుండానే, "ఎందుకొచ్చినావక్కా? అంతా రాసేసినావు గదా," అన్నాడు.

బస్సులో అనుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "నాయన జారి పడలేదురా," అన్నాను.

నీకూ చెప్తున్నాను వనజా. మామగారు మోటారు బాగుచేస్తూ కాలు జారి బావిలో పడ్డారని నువ్వు విన్నావు. వాడూ అదే విన్నాడు. వాడు అప్పుడు మద్రాసులో చదువుతున్నాడు, వచ్చేసరికి మేము అందరం ఒకే మాట అనుకొని ఉన్నాం.

"చెప్పులు గట్టున పెట్టి దూకినాడు," అన్నాను. "అరక్కోణంలో ఒక ఆమె ఇంటికి ఏండ్లుగా పోతా ఉన్న్యాడు. ఊర్లో తెలిసిపోయింది. పెదనాయన మన వాకిట్లో అందరి ముందర నిలబెట్టి, వంశం పేరు మట్టిలో కలిపినావన్నాడు. మరసనాడు పొద్దున ఈడికి వచ్చినాడు. నేను నీకు రాసిన మాట యాడిదో తెలుసునా? అదే మాట. అక్షరం మారలా."

వాడు అప్పుడు తల ఎత్తాడు. "నేను ఏడిస్తే కొట్టినాడే అక్కా," అన్నాడు.

కొట్టారు. మా అమ్మ రుక్మిణమ్మ పోయినప్పుడు వాడు చాలా చిన్నవాడు. ఏడుస్తుంటే నాయన బెల్టు తీసుకొని, మగబిడ్డ ఏడవకూడదని కొట్టారు. ఆ తర్వాత వాడు ఏడవలేదు. కనబడకుండా పోయేవాడు. వెతికితే వడ్ల గాదెలో కూర్చొని, చీకట్లో బెల్లం తింటూ ఉండేవాడు. వాంతి అయ్యేదాకా తినేవాడు. వాంతి చేసుకొని మళ్ళీ తినేవాడు. దానికీ దెబ్బలు పడేవి, అవి తిని మళ్ళీ గాదెలోకే పోయేవాడు. మేము తిండిపోతు అని నవ్వేవాళ్ళం. నిన్న ఆ మోటారు గదిలో వాడిని చూశాక ఆ గాదె గుర్తుకొచ్చింది. నువ్వు రాసిన ఆ మిద్దెమీది గదీ గుర్తుకొచ్చింది.

"నువ్వూ ఈడికి దానికే వచ్చినావా?" అని అడిగాను.

"తెలీదు. కాళ్ళు తెచ్చినాయి. పొద్దున్నుంచి లేచి పోదామనుకుంటుండా, లేవలేకుండా ఉండా." బయటి గట్టు వైపు చూస్తూ, "బిడ్డను పూడ్చేదానికి నేనే ఎత్తుకోని పోయినా అక్కా," అన్నాడు. "ఆస్పత్రిలో ఒక గుడ్డ ఇచ్చినారు. బరువే లేదు. జుట్టు మాత్రం నిండా ఉండింది. వనజకు మత్తు దిగలేదు, చూడలేదు. వనజ అడగలా, నేను చెప్పలా. మరసనాడు ఆఫీసుకు పోయినా. ఒకాయన ఫైలు యాడ అని అరిచినాడు. ఆ సాయంత్రమే ఆ సందులోకి పోయినా."

అప్పుడు ఏడ్చాడు. ముప్పై ఏళ్ళ మగవాడు అలా ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది. ఆపమని చెప్పబోయి నోరు మూసుకున్నాను. మా ఆయన వచ్చి వాడి చెప్పులు లోపలికి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టారు. ముగ్గురం బస్సుకు నడిచాం.

ఇది పాపమో రోగమో నాకు తెలియదు. తిడితే పోయేది కాదని మాత్రం తెలిసింది. మా ఆయనకు తెలిసిన ఒకాయన కొడుకు మద్రాసులో మనసు డాక్టరు దగ్గర చూపించుకొని బాగుపడ్డాడట. కీళ్పాక్కం పిచ్చాసుపత్రికి పంపేస్తారా అని వీడు అడుగుతున్నాడు. పంపరు, మాట్లాడతారు అని చెప్పాము. నువ్వు రేపే బయలుదేరి ఇక్కడికి రా. బిడ్డ మాట నువ్వు ముందు ఎత్తకు, వాడే చెప్తాడు. చెప్పకపోతే కొంచెం ఓర్చుకో.

ఇంద్రాణి

*

మణవాళనగర్,
15 అక్టోబర్ 1985

వదిన గారికి,

పోయిన వారం మీ ఉత్తరం అందింది. ఆడి కృత్తికకు ఆయన కావడి ఎత్తిన తర్వాత అంతా తీరిపోయిందని మీరు సంతోషపడుతున్నారు. నేను కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. మీకు ఉన్నది రాయాలి.

డాక్టరు దగ్గరికి బుధవారాలు పోతున్నారు. మొదటిసారి నన్ను కూడా పిలిచారు. మీ ఆయన చెడ్డవారా అని డాక్టరు అడుగుతారేమో, ఏం చెప్పాలో అని భయపడుతూ కూర్చున్నాను వదినా. డాక్టరు అలాంటివేమీ అడగలేదు. ఆ గదికి పోవడానికి ముందు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, అప్పుడు మనసులో ఏముంది, అంతే అడిగారు. ఈయనకు మొదట ఏమీ చెప్పడం రాలేదు. "ఏమీ జరగలా సార్, ఊరికే పోయినా," అంటారు. కదిలించి అడిగితే ఆ రోజు అధికారి అందరి ముందు కాగితం విసిరేసి ఉంటాడు. లేదా నేను పుట్టింటికి పోయి ఇల్లు ఖాళీగా ఉండి ఉంటుంది. సంతోషంగా ఉన్న రోజు పోయింది ఒక్కటీ లేదు.

డాక్టరు నాతో, "చిన్నప్పటి నుంచి ఈయనకు బాధ వస్తే ఎవరి దగ్గరికి పోవాలో తెలియదమ్మా. చీకట్లోకి పోవడం తెలుసు. అలవాటు ఒక్కసారిగా పోదు. మళ్ళీ పోతారు. పోయినప్పుడు మీకు చెప్పగలిగితే చాలు, ప్రస్తుతానికి," అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. మళ్ళీ పోతారని డాక్టరే చెప్తే ఎలా అని ఇంటికి వచ్చి ఏడ్చాను.

నిన్న బండి వచ్చింది, మునిరత్నం దిగి ఇంటికి వచ్చాడు, ఈయన రాలేదు. ఇంకొక బండి వచ్చింది. గేటు దగ్గరి గోనెపట్ట మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. ఇంటికి తాళం వేసి స్టేషన్‌కు నడిచాను. వంతెన కింద దాకా పోయేసరికి ఎదురుగా వస్తున్నారు. నన్ను చూసి ఆగారు. పక్కకు తప్పుకుంటారని అనుకున్నాను. దగ్గరికి వచ్చారు.

"ఈ దినం పోయినా వనజా," అన్నారు.

నేను ఏమీ అడగకముందే చెప్పారు. కోపం వచ్చింది, అది నిజం. చెంప మీద కొట్టాలని కూడా అనిపించింది. చేయి సంచీకి చుట్టుకొని నిలబడ్డాను.

"ఆఫీసులో ఏమన్నా అన్నారా?" అని అడిగాను.

"ఎవరూ ఏమీ అనలా. పొద్దున్నుంచే భయంగా ఉండింది, ఏమిటికో తెలీదు. బండి దిగి నీ దగ్గరికి రావాలనే అనుకొన్యా. కాళ్ళు అటు తిరిగినాయి." చెప్పు కొసతో మట్టి గీస్తూ, "నువ్వు భయపడతావని చెప్పకుండా ఉందామనుకొన్యా. అంతకంటే అదే ఎక్కువ భయమైంది," అన్నారు.

"నాకు భయంగానే ఉంది," అన్నాను.

"నాకూ," అన్నారు.

రోడ్డు మీద జనం పోతున్నారు. మేము అక్కడే నిలబడి ఉన్నాం. ఇంటికి పోదామని ఆయన చేయి పట్టుకున్నాను. పెళ్ళైన ఈ మూడేళ్ళలో బజారులో మేము చేయి పట్టుకొని నడిచింది లేదు. ఆయన వదిలించుకోలేదు. అరచేయి చెమటతో తడిసిపోయి ఉంది.

వనజాక్షి